కొరింగీల లెక్క

1967 అక్టోబరులో మారిషస్ దీవికి శరదృతువు వచ్చిందని ప్రభుత్వంవారు ప్రకటించారు. ప్రజలు గమనించగలరని కూడా అన్నారు. ప్రజలు గమనించారు. మామిడిచెట్లు పిందెలు పట్టాయి. లీచీ కాయలు గోలీలంత అయ్యాయి. కొమ్మకొమ్మకీ కొత్త చిగురు వస్తోంది, పాత ఆకు ఒక్కటి రాలిన జాడ లేదు. దీన్ని మామూలు మనుషులు వసంతం అంటారు. కాని ఇంగ్లండులో అక్టోబరు అంటే శరదృతువు. అప్పటికి మేం ఇంకొన్ని నెలలు ఇంగ్లండువారి రాజ్యంలోనే ఉండాలి. అంతవరకు చెట్లయినా సరే ప్రభుత్వం చెప్పినట్టు వినాలి గదా.

ఈ విషయంలో ప్రభుత్వంతో పూర్తిగా ఏకీభవించిన పౌరుడు ఒక్కరే. ఆయన నువెల్ ఫ్రాన్స్‌ అనే ఊళ్ళో తెలుగు చెప్పే సన్యాసి మాష్టారు. ఆయన పంచాంగం రాజమండ్రి నుంచి ఓడలో వస్తుంది. అందులోనూ ఆశ్వయుజ మాసం, శరదృతువు అని అచ్చయి ఉంది. ఉగాదినాడు ఆయన కోయిల కూసిందని పద్యం చదివేటప్పటికి ఈ దీవిలో మామిడికాయలు అయిపోయి ఉంటాయి, కోయిల అసలే లేదు. పచ్చడిలో పులుపుకి బిలింబి కాయ వేసుకుని, వసంతం వచ్చిందని మేం ఏటా సంతోషిస్తూనే ఉన్నాం. రెండు దేశాల నుంచి దిగుమతి అయిన రెండు శరత్తులు మా దీవిలో ఇలా కలుసుకోవడం శుభసూచకమని ఆయన మా సభలో ప్రసంగించారు.

మా సభ అంటే రోజ్ హిల్ తెలుగు సముద్ధరణ సభ. దాని గురించి రెండు మాటలు చెప్పుకోవడం నా ధర్మం, ఎందుకంటే నేను దానికి సహాయ కార్యదర్శిని. మా సభలో చర్చలు దీవిలో అందరి నోటా నడిచే క్రియోల్‌లో జరుగుతాయి. తీర్మానాలు ఫ్రెంచిలో రాస్తాం. ప్రభుత్వానికి అర్జీలు ఇంగ్లీషులో పెడతాం. ప్రార్థన తెలుగులో పాడతాం. ఏ భాషకీ అన్యాయం జరగకూడదని మా అధ్యక్షులు జగ్గయ్యగారి పట్టుదల. ఆయన సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి దిగిన మనిషి, కోటు లేకుండా పెరట్లోకి కూడా వెళ్ళరు.

ఆ సంవత్సరం మా సభకు ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. నువెల్ ఫ్రాన్స్ బళ్ళో సాయంత్రం పూట నడిచే సన్యాసి మాష్టారి తెలుగు క్లాసును డిసెంబరుతో ఎత్తేస్తామని విద్యాశాఖవారు చెప్పారు. కారణం కూడా చాలా మర్యాదగా చెప్పారు. జనాభా లెక్కల్లో తెలుగువాళ్ళు అనే జనం విడిగా కనబడడం లేదట. మేం ఆ శాఖ అధికారి రోజర్ దొరగారిని కలిశాం. "మీరు ఉన్నారని నాకు కనిపిస్తూనే ఉంది," అన్నారాయన. "ఎంతమంది ఉన్నారో మాత్రం తెలియడం లేదు. లెక్కలో లేనివారికి బల్లలు, సుద్దముక్కలు ఇవ్వడం కష్టం." చాలా మంచి మనిషి. మాకు టీ కూడా ఇప్పించారు.

మాష్టారికి ఆ క్లాసు అంటే ప్రాణం. పగలంతా చెరకు ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాపని చేసి, సాయంత్రం ఆ గదిలో అడుగుపెట్టినప్పుడే ఆయన మనిషయ్యేవారు. పందొమ్మిదేళ్ళుగా ఒక్కరోజు మానలేదు. తుపాను వచ్చి బడి పైకప్పు ఎగిరిపోయిన వారంలో చెట్టుకింద సంధులు చెప్పారు. ఆయన శిష్యులు 'రామాలయం' అన్న మాటను కళ్ళు మూసుకుని విడదీయగలరు. దాహం వేస్తే నీళ్ళు మాత్రం క్రియోల్‌లో అడుగుతారు. ఆ ఉన్న నలుగురైదుగురు శిష్యులు కూడా డిసెంబరులో పెద్ద పరీక్ష రాసి వెళ్ళిపోతారు. అయినా క్లాసు పోతుందన్న మాట విన్నాక ఆయన సరిగా అన్నం తినడం లేదని ఊళ్ళో అనుకున్నారు. మాకందరికీ చాలా బాధ కలిగింది.

ఇలా ఉండగా ఒక గురువారం సాయంత్రం జగ్గయ్యగారు రేడియో పెట్టారు. అదే సమయానికి వంటింట్లో ఆయన మేనత్త సుబ్బమ్మగారు గాతో పిమాఁ వేస్తున్నారు. అవి మన పప్పు వడలే, పుచ్చుకున్న పేరు ఫ్రెంచిది. నూనె చుంయ్‌మంటోంది. రేడియోలో ఫ్రెంచి వార్తలు. ఆ చుంయ్ మధ్యలో జగ్గయ్యగారి చెవిన "కొర్..." అని ఒక మాట పడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా తాతలు కోరంగి రేవులో ఓడెక్కి ఈ దీవికి చెరకు నరకడానికి వచ్చారు. అందుకని ఈ దీవిలో అందరూ మమ్మల్ని కొరింగీలు అంటారు. కోపం వచ్చినప్పుడు ఒక రకంగా అంటారు, కోపం లేనప్పుడు కూడా అదే రకంగా అంటారు. అలాంటి మాటను ప్రభుత్వ రేడియో టై కట్టుకున్న గొంతుతో అనడం జగ్గయ్యగారు జన్మలో మొదటిసారి విన్నారు.

రేడియో నిజానికి చెప్పింది కొర్బిజోల గురించి. కొర్బిజో అంటే వంకర ముక్కు, పొడుగు కాళ్ళు ఉన్న ఒక పిట్ట. ఏటా ఉత్తరాన మంచు పడకముందే బయల్దేరి, సముద్రాలు దాటి, మా దీవి బురదల్లోకి వలస వస్తుంది. పిట్టలంటే పడిచచ్చే రోజర్ దొరగారు ఆ ఆదివారం వాటిని పోర్ట్ లూయిస్ రేవు పక్క దీవుల మీద లెక్కపెడతారని, జనం వచ్చి చూడవచ్చని వార్త. గెజిట్‌లో ఇదంతా వివరంగా పడిందట. గెజిట్ మేం చదవం, అందులో మా పేర్లు పడవు కనుక.

తప్పు జగ్గయ్యగారిది కాదు, ఫ్రెంచిదని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఫ్రెంచిలో మనిషి వచ్చినా పిట్ట వచ్చినా క్రియ ఒకటే. తెలుగులో అయితే 'వచ్చారు', 'వచ్చాయి' అని అక్కడికక్కడే పట్టుబడిపోతుంది. జగ్గయ్యగారు ఫ్రెంచిలో విన్నారు, మర్నాడు సభలో మాకు తెలుగు కలిపిన క్రియోల్‌లో చెప్పారు, దారిలో ఎక్కడో పిట్టలు మనుషులైపోయాయి.

"కొరింగీలు ఉత్తరం దేశం నుంచి లామేర్ దాటి వచ్చారు అని చెప్పాడు," అన్నారు జగ్గయ్యగారు. "సముద్రం. ఎవరికీ ఏ గొడవా చెయ్యరు, బురదలో నిలబడి తింటారు అని చెప్పాడు. దిమాన్ష్ పొద్దున మనల్ని లెక్కపెడతారు. రోజర్ దొర సొంతంగా వస్తాడు. పోర్ట్ లూయిస్, రేవు పక్కన దీవి."

"బురదలో నిలబడి అని ఎందుకు చెప్పాలి?" అన్నాడు కార్యదర్శి వీరాస్వామి. కస్టమ్స్‌లో పనిచేస్తాడు, ఏ సంచీ అయినా తెరిచి చూడనిదే నమ్మడు.

"మన తాతలు చెరకు తోటలో నిలబడలేదా?"

"ఇంకేం చెప్పాడు?"

జగ్గయ్యగారు కొంచెం తటపటాయించారు. "కాళ్ళు సన్నగా ఉంటాయి, ముక్కు పొడుగు అని చెప్పాడు."

సభలో అందరం వీరాస్వామి కాళ్ళవైపు, ఆ తరవాత అధ్యక్షులవారి ముక్కువైపు చూశాం. వర్ణన అవమానకరంగా ఉన్నా అబద్ధమని అనలేకపోయాం. ప్రభుత్వం మమ్మల్ని ఇంత శ్రద్ధగా గమనిస్తోందని మాకు అంతవరకు తెలియదు. సన్యాసి మాష్టారు మాత్రం కుర్చీలోంచి లేచి, కండువాతో కళ్ళు తుడుచుకుని, "క్లాసు నిలిచినట్టేనండీ," అన్నారు. ఆ రాత్రి ఆయన కడుపునిండా తిన్నారని విన్నాం.

ఆదివారం లోపల చేయవలసిన పని ఒకటే, తలలు పోగుచేయడం. ఆ పని వీరాస్వామి చూసుకున్నాడు. సభ్యులు, సభ్యుల భార్యలు, పిల్లలు, చందా ఎగ్గొట్టి మానేసినవాళ్ళు, అందరికీ కబురు వెళ్ళింది. అయినా చాలదేమోనని తన వియ్యాలవారిని కూడా పిలిచాడు. వాళ్ళు ఇంట్లో భోజ్‌పురీ మాట్లాడతారు. వాళ్ళకు రెండురోజులు కూర్చోబెట్టి 'నమస్కారం' నేర్పించాడు. జగ్గయ్యగారి పొరుగున ఉండే వడ్రంగి పియర్, సుబ్బమ్మగారు పులిహోర చేస్తున్నారని విని తనంతట తానే వచ్చాడు. అతని మెడలో ఒక కండువా వేసి, ఎవరైనా అడిగితే పియరయ్య అని చెప్పమన్నాం. అతను అభ్యంతరం చెప్పలేదు.

దీవులంటే పటంలో చూసి దీవులనుకోవాలి. పోర్ట్ లూయిస్ రేవుకు పక్కగా, ఏరు వచ్చి సముద్రంలో కలిసేచోట మూడు బురదదిబ్బలు. ఒకదాని మీద తుప్పుపట్టిన పడవ బోర్లా పడి ఉంది. ఒకదాని మీద పట్నంవాళ్ళు పారేసిన డబ్బాలు, చిరిగిన పంచదార గోతాలు. మూడోదాని మీద కాస్త గడ్డి. వెనకాల గిడ్డంగుల రేకులు ఎండకు తళతళలాడుతుంటాయి. పోటు తీసినప్పుడు గట్టు నుంచి వాటిదాకా బురదలో నడిచిపోవచ్చు. పట్నం వద్దనుకున్నవన్నీ చేరే చోటికి సముద్రాలు దాటి వచ్చిన అతిథులు దిగడం మా దీవి ఆనవాయితీ.

మేం వెళ్ళేసరికి రోజర్ దొరగారు నిక్కరు వేసుకుని, మెడలో దుర్భిణీతో, గట్టు మీద వంగి కూర్చున్నారు. పక్కన ఆయన ఆఫీసు టైపిస్టు మిషెలిన్, ఇంకా నలుగురైదుగురు దొరలూ దొరసానులూ. తెల్లవారకముందు నుంచి ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. ఎదురుగా బురద నిండా పిట్టలు. గోధుమరంగు, మచ్చలు, కిందికి వంగిన పొడుగు ముక్కు. ఒక్కొక్కటి బురదలో ముక్కు దించి ఏదో లాగి తింటోంది. దొరగారు అప్పుడే లెక్క మొదలుపెట్టబోతున్నారు.

సరిగ్గా ఆ సమయంలో మా భజన బృందం హార్మోనియం, తాళాలు అందుకుంది. రెండు బస్సుల జనం, పట్టుచీరలు, కోట్లు, గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో సభ పేరు. లెక్కపెట్టేవారికి కనబడాలి గదా అని గట్టు దిగి నేరుగా బురదలోకి నడిచాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలన్నారు గాని, జనాభా లెక్కలు బురదలో పెడతారని వారికి తెలియదు. వీరాస్వామి బూటు ఒకటి అక్కడే ఉండిపోయింది. పిట్టలన్నీ ఒక్కసారి గట్టిగా ఈలవేసి లేచి, గిడ్డంగుల మీదుగా వెళ్ళిపోయాయి. దొరగారి దుర్భిణీలో పిట్టలున్నచోట పట్టుచీరలు కనబడ్డాయి.

ఆయన చాలాసేపు దుర్భిణీ దించలేదు. తరవాత మిషెలిన్‌ని అడిగారు, వీళ్ళెవరని. ఆ ప్రశ్న కోసమే నూరేళ్ళుగా ఎదురుచూస్తున్న జగ్గయ్యగారు మోకాలిలోతు బురదలో నిటారుగా నిలబడి, కోటు గుండీలు పెట్టుకుని, ఫ్రెంచిలో ఉపన్యాసం ప్రారంభించారు.

"మహాశయా, మేము కొరింగీలము. ఉత్తరం నుండి సముద్రం దాటి వచ్చినవారము. ఈ దీవి బురదలో నిలబడి, ఈ దీవికి పంచదార పెట్టినవారము. మా కాళ్ళు సన్ననివని, మా ముక్కులు పొడుగువని ప్రభుత్వము గమనించినందుకు కృతజ్ఞులము. మేమందరమూ వచ్చియున్నాము. దయచేసి లెక్కపెట్టుడు."

తాళాలు ఆగాయి. రోజర్ దొరగారు మిషెలిన్‌ వైపు చూశారు. మిషెలిన్ జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల రోజ్ హిల్‌లోనే పుట్టి పెరిగింది, మేమెవరమో ఎరుగును. కాసేపటికి రుమాలు తీసి నెమ్మదిగా అంది: "మిస్యే జగ్గయ్యా, కొరింగి కాదు. కొర్బిజో. జ్వాజో సా."

జ్వాజో అంటే పిట్ట. మా జనంలో ఆ మాట తెలియనివాడు లేడు. మా ఇళ్ళల్లో పిల్లలకు 'పిట్ట' అన్న మాటే తెలియదు.

జగ్గయ్యగారు కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయారు. అప్పుడు సుబ్బమ్మగారు చీర కుచ్చెళ్ళు పైకి దోపి ముందుకు వచ్చి, పిట్టలు పోయిన దిక్కు చూస్తూ అన్నారు: "ఇదా, ఈ పిట్టేనట్రా జగ్గా? మా నాయన కొట్టి తెచ్చేవాడు. తామరెన్, అదే చింతపండు, వేసి పులుసు పెడితే బలే ఉండేది. ఇప్పుడు ఎవరు తెస్తారు."

ఆవిడేమంటోందని దొరగారు అడిగారు. వీరాస్వామి ఇంగ్లీషులో, "ఆమెకు ఈ పక్షులతో చిన్ననాటి నుంచి పరిచయమట," అన్నాడు. దొరగారు ఆవిడకు టోపీ తీసి నమస్కరించారు.

ఆ నమస్కారంతో జగ్గయ్యగారికి ప్రాణం లేచివచ్చింది. వెంటనే ఉపన్యాసాన్ని మలుపు తిప్పారు. తెలుగువారు మొదటి నుంచీ పక్షిప్రియులని, సీతమ్మవారి కోసం ప్రాణమిచ్చిన జటాయువు పక్షేనని, ఆ బంధుత్వంతోనే ఇంతమందిమీ ఇవాళ పిట్టలను దర్శించడానికి వచ్చామని, లెక్క అన్నది తమాషాకి అన్న మాట అని చెప్పారు. దొరగారు నమ్మారు. ఇంగ్లండులో ఇంతమంది పిట్టల కోసం రారని, ఈ దీవికి స్వతంత్రం ఇవ్వడంలో తప్పులేదని ఇవాళ తనకు తోచిందని అన్నారు. పియర్ మొదటి పులిహోర పొట్లం విప్పాడు.

అందరం గట్టెక్కి కూర్చున్నాం. సన్యాసి మాష్టారు మాత్రం కూర్చోలేదు. దొరగారి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. ఆయన మామూలుగా మాట్లాడినా గ్రంథం చదివినట్టుంటుంది. "అయ్యా, ఒక్క మనవి. రేడియోలో ఈ వార్త తెలుగులో వచ్చినట్లయితే ఈ పొరపాటు జరిగి ఉండునా? పక్షులయితే 'వచ్చాయి'. మనుష్యులయితే 'వచ్చారు'. మా భాషలో పసిపిల్లవాడికి కూడా ఇది తెలియును. తెలియవలెను. నేను ఆ గదిలో పందొమ్మిది సంవత్సరములుగా చెప్పుచున్నది ఇదే. ఆ గది తీసివేయకండి."

ఇది నా చేత కొంత, మిషెలిన్ చేత కొంత దొరగారి చెవిన పడింది. ఆయన ముఖం వెలిగింది. పిట్టలకు లాటిన్ పేర్లు వల్లెవేసే మనిషికి ఇలాంటివంటే పిచ్చి. మనిషినీ పిట్టనీ క్రియలోనే వేరు చేయగల భాష ఉంటే అది ముందుగా ప్రభుత్వోద్యోగులకు నేర్పాలన్నారు. 'వచ్చారు', 'వచ్చాయి' అని రెండుసార్లు పలికి చూసుకున్నారు. వీరాస్వామి వియ్యంకుల కంటే బాగానే పలికారు. ఆ పైన లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పారు.

"క్లాసు ఉంటుంది. జనాభా లెక్క నాకు అక్కర్లేదు. జనవరి నుంచి ఆ గదిలో కూర్చునే పిల్లలుంటే చాలు. మీలో ఎవరెవరు మీ పిల్లల్ని పంపుతారో చేతులెత్తండి. ఇవాళ ఎలాగూ లెక్కపెట్టడానికే వచ్చాను."

లెక్కింపబడడానికే వచ్చినవాళ్ళం. మాష్టారు మావైపు తిరిగారు. ఆ ముఖంలో సంతోషం చూస్తే నాకే ముచ్చటేసింది.

జగ్గయ్యగారి మనవలకు సాయంత్రం ఫ్రెంచి ట్యూషను ఉంది. వీరాస్వామి చిన్నకూతురికి పియానో. మా ఇద్దరబ్బాయిలకు ఇంగ్లీషు, ఆ పైన లెక్కలు. మా సభలో బాధ్యత తెలియని తండ్రి ఒక్కడూ లేడు. తెలుగు ఉండాలి, దానికి మేం ప్రాణమైనా ఇస్తాం. పిల్లల్ని ఇవ్వమంటే ఆలోచించాలి గదా. రెండు బస్సుల జనం తేలుకుట్టిన దొంగల్లా కూర్చున్నాం. తాళం చప్పుడు లేదు, దగ్గు లేదు, గాజుల గలగల లేదు. పులిహోర నములుతున్నవాళ్ళు నమలడం ఆపేశారు. తెల్లవారుజాము నుంచి దొరగారు దేని కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారో అలాంటి నిశ్శబ్దం అప్పుడు వచ్చింది.

అంత నిశ్శబ్దం చూసి, అక్కడ మనుషులెవరూ లేరనుకుని కాబోలు, పిట్టలు తిరిగివచ్చాయి. ముందు రెండు, ఆ తరవాత నాలుగు, ఆపైన ఆకాశం నిండా వచ్చి మా కాళ్ళకు ఇంత దూరంలో బురదలో వాలాయి. వీరాస్వామి బూటు మీద ఒకటి నిలబడింది. దొరగారు ఆనందంతో ఉక్కిరిబిక్కిరై, చేయి మాత్రం కదలకుండా, గుసగుసగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎవరైనా చేయెత్తితే పిట్టలు లేచిపోయే ప్రమాదం ఉంది. ఆ కారణం చేత కూడా మేం చేతులెత్తలేకపోయామని సభ తరఫున మనవి చేస్తున్నాను.

ఒక్క చేయి లేచింది. అది పియర్‌ది. "మో జాన్‌ఫాఁ... నా పిల్లలు ముగ్గురు వస్తారు," అన్నాడు, కండువా సర్దుకుంటూ. "ఇక్కడ వంట బాగుంది." అతను తెలుగువాడు కాడు కనుక ఆ చేయి చెల్లదని జగ్గయ్యగారు కళ్ళతోనే రూలింగు ఇచ్చారు.

మాష్టారు ఇంకా మావైపే చూస్తున్నారు. ఆ చూపు మా అధ్యక్షులు భరించలేకపోయారు. ఏదో ఒకటి అడగాలి గనుక దొరగారిని అడిగారు, ఇంత దూరం ఎక్కడి నుంచి వస్తాయి ఇవి అని. రష్యా అవతల, సైబీరియా నుంచి అని దొరగారు గుసగుసగా చెప్పారు. కమ్యూనిస్టులా అని వీరాస్వామి కంగారుపడ్డాడు. అవి ఇంతవరకు ఏమీ ప్రకటించలేదని దొరగారు అన్నారు.

"మరి పిల్ల పిట్టలకు దారి ఎవరు నేర్పుతారు?" అన్నారు జగ్గయ్యగారు.

"అదే వింత," అన్నారు దొరగారు. "ఎవరూ నేర్పరు. తల్లిదండ్రులు పిల్లల్ని అక్కడే వదిలేసి ముందు వచ్చేస్తాయి. పిల్లలు ఆ తరవాత తమంతట తామే బయల్దేరి వస్తాయి. ఎన్నడూ చూడని సముద్రం దాటి, ఎన్నడూ చూడని దీవికి. అది వాటి రక్తంలోనే ఉంటుంది."

జగ్గయ్యగారి ముఖం వికసించడం నేను కళ్ళారా చూశాను. ఆయన మమ్మల్నందరినీ చుట్టూ చేర్చుకుని, పిట్టలు బెదరకుండా లోగొంతుకతో, అక్కడే గట్టు మీద అత్యవసర సమావేశం ప్రారంభించారు. ఇంతటి చిన్న ప్రాణి ఎవరూ నేర్పకుండా సముద్రం దాటుతుంటే, ఇంత గొప్ప జాతి బిడ్డలు ఎవరూ నేర్పకుండా తెలుగు దాటలేరా అన్నారు. భాష రక్తంలో ఉంటుందని, రక్తంలో ఉన్నదాన్ని సుద్దముక్కతో నేర్పబోవడం ఆ రక్తాన్ని అనుమానించడమేనని, అందువల్ల నువెల్ ఫ్రాన్స్ క్లాసును ప్రభుత్వం ఎత్తేయనక్కర్లేకుండా, గౌరవంగా మనమే విరమించుకుందామని ప్రతిపాదించారు. వీరాస్వామి బలపరిచాడు. ఇప్పుడు చేతులెత్తమన్నారు. అందరం ఎత్తాం. పిట్టలు కూడా లేవలేదు. తీర్మానాన్ని ఫ్రెంచిలో నేనే రాశాను.

"రక్తంలో ఉంటే నోట్లోకి ఎందుకు రాదురా?" అన్నారు సుబ్బమ్మగారు. ఆవిడ సభ్యురాలు కాదు కనుక ఆ ప్రశ్న నమోదు కాలేదు.

సన్యాసి మాష్టారు తీర్మానం అంతా విన్నారు. కండువా తీసి బురద దులుపుకున్నారు. "పిట్టలది ఒక్క కూతేనండీ," అన్నారు మెల్లిగా. "మనవి యాభై ఆరు అక్షరాలు." ఆ మాట ఆయన తెలుగులో అన్నారు కనుక సభలో చాలామందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళం మాత్రం తలలూపాం. నేను తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తరవాత అన్నీ సవ్యంగానే జరిగాయి. ఆ యేడు కొర్బిజోలు విశేషంగా వచ్చాయని దొరగారు రాశారు. ఆ మూడు దిబ్బలూ పక్షుల నిలయమని, వాటిని కొట్టరాదని, అక్కడ చెత్త వేయరాదని ఉత్తర్వు వచ్చింది. కాపలాకి ఒక మనిషిని పెట్టారు. మార్చిలో కొత్త జెండా ఎగిరింది. ఏప్రిల్లో దొరగారూ, పిట్టలూ కొన్నిరోజుల తేడాలో ఉత్తరానికి వెళ్ళిపోయారు. లేక వెళ్ళిపోయాయి. రెండూ కలిసినప్పుడు క్రియ ఏది వాడాలో మాష్టారిని అడగాలి.

ఉగాదినాడు మాష్టారికి శాలువా కప్పి సన్మానించాం. ఆ బళ్ళో గది ఖాళీగా ఉండడం బాగుండదని, అదే సమయానికి మా పిల్లలకు ఫ్రెంచి ట్యూషను అక్కడ పెట్టించాం. నల్లబల్ల మీద మూల ఎక్కడో పాత సంధి ఒకటి చెరగకుండా ఉందని మా చిన్నవాడు చెప్పాడు. అది ఏదో లెక్క అనుకున్నాడట.

మొన్న అక్టోబరులో మళ్ళీ శరదృతువు వచ్చింది. ఈసారి స్వతంత్ర ప్రభుత్వంవారు ప్రకటించారు. సభ తరఫున రెండు బస్సుల్లో పిట్టల్ని చూడడానికి వెళ్ళాం. హార్మోనియం తీసుకెళ్ళలేదు, నిశ్శబ్దంగా కూర్చోవడం మాకిప్పుడు బాగా అలవాటైంది. మాష్టారు కూడా వచ్చారు, గట్టు చివర ఒక్కరే కూర్చున్నారు. పిట్టలు దిగుతుంటే పిల్లలందరూ ఆయన దగ్గరికి పరుగెత్తి, "మాష్టారూ, జ్వాజోలు వచ్చారు," అన్నారు. "వచ్చాయి," అన్నారు మాష్టారు. "వచ్చాయి," అన్నారు పిల్లలు. పియర్ పిల్లలు ఇంకోసారి కూడా అన్నారు. ఆ తరవాత అందరూ పులిహోర దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన క్లాసు ఇప్పుడు ఏడాదికి ఆ ఒక్క మాటే.

మీరు నవ్వుతుంటే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక ఈ కాగితం మీ ఇంట్లో పిల్లల చేతికిచ్చి గట్టిగా చదవమనండి. చదివితే సంతోషం. చదవలేకపోతే కంగారు పడకండి. మా సభ తీర్మానం మీకు కూడా వర్తిస్తుంది.